గొంతుకు విరాసత్ లేదు

మా ఆయన దసరాకు ముందు చనిపోయాడు. ఎండలు ముదిరేసరికి కొత్త పసుపు విత్తనం గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఈ సంగతి నాకు చెప్పింది మా పక్కింటి వెంకవ్వ. ఒకరోజు పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే గోడ మీదుగా ఫోను చాపింది.

"లసుమక్కా, గంగారాం బావ మస్తు చెప్పిండే! గీ సారి విత్తనం మామిడిపల్లి చౌరస్తాల గంగాకిషన్ సేటు తాన కొనుమంటుండు."

"పాత వీడియో అయి ఉంటది తియ్యే."

"పాతది గాదక్కా, నిన్ననే ఏసిండ్రు. బతికున్నప్పుడే తీసి పెట్టుకున్నరట. మీ శ్రవణ్ చెప్పిండు."

చీపురు గోడకు ఆనించి విన్నాను. గొంతు ఆయనదే. మాటకు ముందు చిన్నగా దగ్గడం, "అన్నలూ, అక్కలూ" అని సాగదీయడం, అన్నీ ఆయనవే. చెప్పే మాట మాత్రం ఆయనది కాదు.

"కొమ్ము జర మెత్తగున్నా ఫికర్ చెయ్యకుండ్రి. బెల్లం నీళ్లల్ల ముంచి నాటుకోండ్రి, ఏం గాదు. ఏందే లసుమీ, ఔనా కాదా?"

ఆ వెంటనే నా గొంతు. "ఔనౌను."

మెత్తబడిన కొమ్ము విత్తనానికి పనికిరాదని, ఒక్కటి కుళ్లితే మడంతా కుళ్లుతుందని నోరు పోయేలా చెప్పిన మనిషి ఆయన. నా సొంత తమ్ముడు అలాంటి విత్తనం తెచ్చి అమ్మబోతే బస్తా ఎత్తి రోడ్డు మీద కుమ్మరించాడు. ఆ తర్వాత నా తమ్ముడు మా గడప తొక్కలేదు. రాఖీకి నేనే వాళ్ల ఊరికి పోయి, కట్టి వచ్చేదాన్ని. తమ్ముడి రాకపోకలు పోగొట్టుకుని నిలబెట్టిన మాట అది. ఇప్పుడు బెల్లం నీళ్లల్ల ముంచితే చాలట.

"నేను ఎన్నడూ గిట్ల వినలే," అన్నాను.

"నువ్వు వంటింట్ల ఉన్నప్పుడు తీసిండ్రు కావచ్చు."

"మరి ఔనన్నది ఎవరే?"

వెంకవ్వ నా ముఖంలోకి చూసి నవ్వింది. "నువ్వే గదనక్కా!"

*

ఆ ఛానల్ సంగతి చెప్పాలి.

మాకు పిల్లల్లేరు. మరిది హన్మాండ్లు కొడుకు శ్రవణ్ మా ఇంట్లోనే తిరిగి పెరిగాడు. డిగ్రీ అయ్యాక పని దొరక్క ఇంట్లో ఉన్న రోజుల్లో, మేము పసుపు ఉడకబెడుతుంటే ఫోనుతో తీశాడు. ఉడికిందని ఆయన, ఇంకా ఉడకలేదని నేను, డ్రమ్ము ముందు నిలబడి కొట్లాడుకున్నాం. అది వేల మంది చూశారట. అప్పటినుంచి వాడు వెంటపడి తీసేవాడు. విత్తనం దాచడం, బోదెలు కట్టడం, ఎండబోయడం, పాలిష్ పట్టడం. ఆయన చెప్పేవాడు, చివరికి నన్ను ఔనా కాదా అని అడిగేవాడు. నేను ఎక్కువసార్లు కాదనేదాన్ని. జనానికి అదే ఇష్టం. 'గంగారాం పసుపు ముచ్చట్లు' అని పేరు పెట్టాడు శ్రవణ్.

బాల్కొండ నుంచి, జక్రాన్‌పల్లి నుంచి రైతులు బస్సు దిగి మా ఇల్లు ఎక్కడని అడుగుతూ వచ్చేవాళ్లు. దుబాయిలో ఉన్న మొగవాళ్లు అక్కడ వీడియో చూసి, ఇక్కడ పెళ్లాలకు ఫోను చేసి, గంగారాం చెప్పినట్టు చెయ్యమనేవాళ్లు. మందుల కంపెనీ వాళ్లు, విత్తనాల వాళ్లు కార్లలో వచ్చి తమ సరుకు పేరు ఒక్కసారి చెప్పమని బతిమాలేవాళ్లు. మా ఆయన చాయ్ తాగించి పంపేవాడు. ఒక్కరి పేరూ చెప్పలేదు.

ఆయన దగ్గర మీటల ఫోను తప్ప ఇంకోటి లేదు. మెయిల్ అంటే ఏమిటో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. అన్నీ శ్రవణ్ పేరు మీదే ఉన్నాయి. ఇంటి పిల్లగాడు కదా, అనుమానం ఎందుకు వస్తుంది?

చేను గట్టు మీద కూలబడ్డాడు ఆయన. ఆర్మూర్ దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

మూడో రోజు పిట్టకు పెట్టాం. చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతాం. పిట్ట వచ్చి ముట్టితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి మాట ఇస్తారు. ఏ మాటకు పిట్ట దిగుతుందో అదే ఆయన కోరిక.

బువ్వ, కోడికూర, కల్లు, బీడీలు అన్నీ పెట్టాం. కాకులు కరెంటు తీగ మీద కూర్చున్నాయి గానీ దిగలేదు. ఎండ ఎక్కింది. హన్మాండ్లు ముందుకు వచ్చి, "అన్నా, వదినెను మంచిగ సూసుకుంటం," అన్నాడు. దిగలేదు. "నీ చేను బీడు పెట్టం." దిగలేదు. నాకు ఏడుపుకే సరిపోయింది.

అప్పుడు శ్రవణ్ చేతులు జోడించి, "పెద్దబాపూ, నీ ఛానల్ ఆగనియ్య. నువ్వు మాట్లాడుతనే ఉంటవ్," అన్నాడు.

కాకి దిగింది. కోడికూర ముక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది.

అందరూ కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. ఆ రోజు నుంచి ఊళ్లో ఒకటే మాట, గంగారాం తన ఛానల్ శ్రవణ్‌కు ఇచ్చిపోయాడని. పొలం నా పేరు మీదికి ఎక్కించడానికి, అదే విరాసత్‌కు, ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. చావు సర్టిఫికెట్ అడిగారు, సాక్షులను అడిగారు. ఛానల్ విరాసత్‌ను ఒక కాకి నిమిషంలో చేసేసింది.

*

వెంకవ్వ ఫోనులో విన్న మర్నాడు ఆర్మూర్ పోయాను. మామిడిపల్లి చౌరస్తాలో గంగాకిషన్ దుకాణం ముందు బస్తాలు తాటి ఎత్తు పేర్చి ఉన్నాయి. ప్రతి బస్తా మీదా మా ఆయన ముఖం. తలకు తువ్వాల చుట్టుకుని నవ్వుతున్నాడు. ఆ ఫొటో మా పెరట్లో తీసింది. పక్కన నేను ఉండేదాన్ని, కత్తిరించేశారు. దుకాణం మెట్ల మీద సౌండు బాక్సు పెట్టి ఆయన మాటలు వినిపిస్తున్నారు.

బేరమాడుతున్న వాళ్ల దగ్గరికి పోయి చెప్పాను. "అన్నా, గీ మాటలు మా ఆయనవి గావు. ఆయన సచ్చిపోయి మస్తు దినాలైంది."

బాల్కొండ వైపు మనిషి ఒకడు చేతిలో కొమ్ము పట్టుకుని ఉన్నాడు. నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందమ్మా, మనిషి గంత మంచిగ మాట్లాడుతుంటే సచ్చిపోయిండంటవ్?"

"నేను ఆయన పెండ్లాన్ని."

"ఆయన పెండ్లామైతే ఆయన ముచ్చట కాదంటవా?"

గంగాకిషన్ గల్లా దగ్గరి నుంచి లేచి వచ్చాడు. తెల్లబట్టలు, మెడలో తువ్వాల. చాలా మర్యాదగా, "అమ్మా, కూసో. చాయ్ తాగు. పెద్దమనిషి పోయినంక మనసు మంచిగుండది," అన్నాడు. అందరికీ వినబడేలా అన్నాడు.

నేను ఇంకేదో చెప్పబోయాను. అంతలో బాక్సులోంచి ఆయన అడిగాడు. "ఏందే లసుమీ, ఔనా కాదా?"

ఇన్నేళ్ల అలవాటు. ఆ గొంతు నా పేరు పట్టి పిలిస్తే పలకకుండా ఎప్పుడున్నాను? నా నోట్లోంచి "ఔను" అని వచ్చేసింది. అదే నిమిషంలో బాక్సులో ఉన్న నేను కూడా "ఔనౌను" అన్నాను.

జనం గొల్లుమన్నారు. "ఔనన్నది! పెండ్లామే ఔనన్నది!" అని బాల్కొండ మనిషి తొడ చరిచాడు. "ఇంట్ల మొగనితోని లొల్లి పెట్టుకోని వచ్చినట్టుంది పాపం," అన్నాడు ఇంకొకాయన. గంగాకిషన్ కూడా నవ్వాడు. ఆ పూట బస్తాలు బాగా పోయాయి.

*

శ్రవణ్ ఇంట్లోనే ఉన్నాడు. కొత్త బండి తుడుచుకుంటున్నాడు.

"ఏం చేసినవ్ రా ఛానల్‌ను?"

"ఏం చేసిన పెద్దమ్మా? నడిపే తందుకు నాతోని గాలే. సేటుకు ఇచ్చిన."

"పెద్దబాపు నోట్లె గా మాటలు ఎక్కడియి రా?"

వాడు గుడ్డ పిండుతూ మెల్లగా చెప్పాడు. "కంప్యూటర్ల గొంతు ఎక్కిస్తరు. పాతయి మస్తు ఉన్నయి గద, గవి ఇనిపిస్తే నేర్చుకుంటది. ఇగ మనం ఏం రాసిస్తే గదే మాట్లాడుతది."

"మరి ఊరందరికి బతికున్నప్పుడు తీసినమని చెప్తున్నవట?"

"కంప్యూటర్ అంటే వీల్లకు సమజవుతదా?"

"ఛానల్ మా ఆయనది రా."

"పెద్దబాపుదే. కాని మెయిల్ నాది. నేను నా మెయిల్ ఇచ్చిన. దాంట్ల ఛానల్ ఉన్నది, నేనేం చేద్దు?"

నా చేతి బువ్వ తిని పెరిగిన పిల్లగాడు. తప్పు చేసినవాడిలా తల వంచుకుంటే కొట్టి ఏడ్చేదాన్నేమో. వాడు నా కళ్లలోకి చూసి చెప్పాడు. "పిట్ట ముందట మాటిచ్చిన పెద్దమ్మా. ఆగనియ్యనన్న. ఆగిందా? నువ్వే చెప్పు."

లోపలి నుంచి హన్మాండ్లు వచ్చాడు. "వదినే, అన్న ఇష్టపడి ఇచ్చిండు. పిట్ట ముట్టంగ నువ్వు గూడ సూసినవ్ గద? ఇప్పుడు గిట్ల లొల్లి జేస్తే అన్న ఆత్మ ఏమనుకుంటది?"

"మీ అన్న ఆత్మ కుళ్లిన విత్తనం అమ్ముతదా హన్మాండ్లూ?"

"గంత మాటెందుకు. పైసల కోసమైతే చెప్పు, నీ పాలు నీకిప్పిస్త."

ఆ మాటతో లేచి వచ్చేశాను. ఊరి పెద్దమనుషుల దగ్గర పంచాయితీ పెట్టాను. నేను చెప్పింది మొత్తం విన్నారు, అది మాత్రం నిజం. విని, పిట్ట ముట్టిన ముచ్చట మళ్లీ తిరగదోడితే ఊరికి మంచిది కాదన్నారు. ఇయ్యాల ఛానల్ అంటారు, రేపు ఇంకొకరు పొలం అంటారు, పిట్ట ముందర ఇచ్చిన మాటకు ఇక విలువేముంటుంది అన్నారు. అందులో ఒకాయన, చిన్నప్పటి నుంచి మా ఆయనతో తిరిగినవాడు, బీడీ ఆర్పుతూ, "నీకు గంత అనుమానముంటే గా కాకినే పిలిపియ్యరాదు లసుమవ్వా," అన్నాడు. అందరూ నవ్వారు.

*

ఆర్మూర్ కోర్టు ఎదురుగా ఒక చిన్న గదిలో అంకిత అనే వకీలమ్మ కూర్చుంటుంది. వయసు తక్కువ, ఓపిక ఎక్కువ. ఆడవాళ్ల కేసులు చూస్తుందని ఎవరో చెబితే పోయాను. కాకి సంగతి చెబుతుంటే నవ్వుతుందేమోనని భయపడ్డాను. నవ్వలేదు.

"అమ్మా, కాకి సాక్ష్యం కోర్టుల నడువది. పిట్ట ముందు మాటిస్తే అది వీలునామా కాదు. గంత వరకు మీరే కరెక్టు," అంది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. "అయితే ఛానల్ నాదే గద బిడ్డా? పొలం వచ్చినట్టే వస్తది గద?"

"ఛానల్ ఆస్తి అయితే వస్తుండే. భర్త ఆస్తికి మీరే వారసులు. కాని ఛానల్ పొలం లెక్క కాదమ్మా. కంపెనీ ఖాతా ఇస్తది, వాడుకోమంటది. ఎవరి మెయిల్ మీద ఇస్తే వాల్లతోనే దాని ఒప్పందం. మీ ఆయన పేరు గా ఒప్పందంల లేనే లేదు. లేనిది మీకెట్ల వస్తది?"

"శ్రవణ్‌కు అమ్మే హక్కున్నదా మరి?"

"అమ్మొద్దనే ఉంటది షరతులల్ల. కాని గది కంపెనీకి, శ్రవణ్‌కు నడుమ ముచ్చట. తప్పు జేసిండని కంపెనీ అడగాలె. మీరు నడుమల ఎవరంటే, ఎవరు కాదు."

"వీడియోలల్ల ఉన్నది మా ఇద్దరం."

"వీడియో తీసింది, కూర్చింది శ్రవణ్. దాని మీద కొట్లాడొచ్చు. ఏండ్లు పడుతది."

ఇక అసలు అడగాలనుకున్నది అడిగాను. "గొంతు ఎవరిది బిడ్డా?"

వకీలమ్మ కలం కింద పెట్టింది. "మీ ఆయన బతికుంటే ఆయనది. నా గొంతు వాడొద్దని ఒక్క మాట అంటే ఆపుతుండ్రి. మనిషి పోతే గా హక్కు గూడ ఆయనతోనే పోతదని కొన్ని కోర్టులు చెప్పినయి. పెండ్లానికి రాదు, పిల్లలకు రాదు."

"ఎవరికి రాకపోతే ఎవరిదైతది?"

"ఎవరిది కాదు."

"ఎవరిది గాకపోతే గంగాకిషన్‌ది ఎట్లయింది?"

నాకు పొలానికి పాసుబుక్కు ఉంది, ఇంటికి నంబరు ఉంది, బర్రె చెవికి కూడా బిళ్ల ఉంది. నాతో బతుకంతా మాట్లాడిన గొంతుకు ఏమీ లేదు. ఎవరు ముందు ఎత్తుకుంటే వాళ్లదట. పిట్ట న్యాయం శ్రవణ్ వైపే ఉంది, కోర్టు న్యాయమూ తిరిగి తిరిగి వాడి వైపే పోయింది. ఒకదాన్ని ఒకటి ఒప్పుకోవు గానీ, నన్ను బయటికి పంపడంలో రెండూ ఒకటే.

"విత్తనం మంచిది గాదని కేసు వేయొచ్చు," అంది ఆమె. "వ్యవసాయ ఆఫీసుల దరఖాస్తు ఇద్దాం. కాని నాటినంక, మొలవకపోతే, అప్పుడు వచ్చి సూస్తరు."

"నాటినంక సూసి ఏం జేస్తరు?"

ఆమె కాగితాలు సర్దుతూ సర్దుతూ హఠాత్తుగా ఆగింది. "ఆగుండ్రి. 'ఔనౌను' అన్నది మీరు గద? మీరు బతికున్నరు గద?"

"ఉన్న, సూస్తున్నవ్ గద."

"అయితే మీ గొంతు మీదే. దాన్ని ఆపొచ్చు."

నోటీసు పంపింది. గంగాకిషన్ భయపడ్డాడో, లెక్క చేయలేదో తెలియదు గానీ మాట మాత్రం విన్నాడు. వారం తిరగకుండా నా 'ఔనౌను' తీసేశారు. అంత పెద్ద చట్టంలో నా పాలికి వచ్చింది ఆ ఒక్క ముక్క. అది కూడా ఇవ్వడానికి కాదు, తీసేయడానికి.

ఆ వీడియో వెంకవ్వ ఫోనులో చూశాను. "ఏందే లసుమీ, ఔనా కాదా?" అని ఆయన అడిగాడు. ఏమీ వినబడలేదు. మళ్లీ తన ముచ్చట తాను చెప్పుకుంటూ పోయాడు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. బతికి ఉన్నప్పుడు ఆయన అడిగితే జవాబు చెప్పకుండా ఉన్న రోజు లేదు. కోపం వస్తే తిట్టయినా తిట్టేదాన్ని.

తర్వాతి వీడియోలో జవాబు వచ్చింది. ఎవరో పడుచుపిల్ల, "ఔనండీ," అంది. నా జన్మలో ఆయన్ని అండీ అనలేదు.

మళ్లీ వకీలమ్మ దగ్గరికి పోయాను. "గా గొంతు మీది కాదు గదమ్మా," అంది ఇబ్బందిగా. "గా అమ్మాయి తన గొంతు తనే ఇచ్చింది."

"లసుమీ అని పిలుస్తుండు గద బిడ్డా."

"లసుమి పేరు ఊరికి పది మందికి ఉంటది."

ఆమె ఫీజు తీసుకోలేదు. చాయ్ తెప్పించింది. నేను తాగలేదు.

*

మృగశిర పెట్టగానే మంచి వాన పడింది. నాటే అదను వచ్చింది. ఆ మర్నాడు వెంకవ్వ ఆటో మాట్లాడుకుని మా వాకిట్లో ఆపింది.

"లసుమక్కా, విత్తనానికి పోతున్న. నువ్వు గూడ రా. మంచి బస్తా సూసి పెడుదువు."

వెంకవ్వ మొగుడు దుబాయిలో ఉన్నాడు. నిరుటి వానలకు ఆమె పసుపంతా మడిలోనే కుళ్లిపోయింది, ఇంట్లో విత్తనం కూడా మిగల్లేదు. ఈ సారి కౌలుకు కూడా పట్టింది. ఇప్పుడు పోతే ఇక లేవదు.

"వేరే కాడ కొనుక్కో వెంకవ్వా. గది కుళ్లు విత్తనం."

"నీకు వాల్లతోని పంచాయితి ఉన్నది, గందుకే అంటున్నవ్."

"గా మాటలు మీ బావయి గావే. కంప్యూటర్ మాట్లాడుతున్నది."

వెంకవ్వ నన్ను జాలిగా చూసింది. "అక్కా, నాకు బావ గొంతు తెల్వదా? గోడ అవుతలి నుంచి ఎన్నేండ్లు విన్న! మా ఆయన గూడ దుబాయి నుంచి ఫోన్ జేసి, గంగారామన్న చెప్పిండు, గదే తేవే అన్నడు. బావ ఎన్నడన్న ఒక్క అబద్ధం చెప్పిండా? నువ్వే చెప్పు."

చెప్పలేదు. అదే వచ్చిన చిక్కు. ఆయన ఒక్క అబద్ధమైనా చెప్పి ఉంటే ఈ రోజు ఆమె ఆటో ఎక్కేది కాదు.

నేనూ ఆటో ఎక్కాను.

చౌరస్తాలో దుకాణం ముందు కాలు పెట్టే చోటు లేదు. ఆలూర్ నుంచి, బాల్కొండ నుంచి ట్రాలీలు వచ్చి ఆగాయి. వానకు తడవకుండా బస్తాల మీద పట్టాలు కప్పారు గానీ ముఖాలు కనిపించేలా అంచులు పైకి మడిచారు. బాక్సులో ఆయన మాట్లాడుతున్నాడు. బస్తా మూతి విప్పి చూశాను. పైన గట్టి కొమ్ములే. చెయ్యి లోపలికి పెడితే వేళ్లకు జిగట అంటింది. వాసన వచ్చింది. వెంకవ్వకు చూపించాను.

"బెల్లం నీళ్లల్ల ముంచుమన్నడు గద," అంది.

ఆమె బస్తాను హమాలీ భుజానికెత్తుకుని ఆటోలో వేశాడు. ఇంకోటి తీయబోతున్నాడు.

నేను మెట్లెక్కాను. గంగాకిషన్ నన్ను చూసి ముందుగానే చేతులు జోడించాడు. "రా అమ్మా, కూసో. మళ్ల సచ్చిపోయిండని చెప్పే తందుకు వచ్చినవా?" కింద నిలబడ్డవాళ్లలో కొందరు నవ్వడానికి సిద్ధమయ్యారు.

అప్పటిదాకా నేను నిజమే చెప్పాను. శ్రవణ్‌కు చెప్పాను, పెద్దమనుషులకు చెప్పాను, వకీలుకు చెప్పాను, ఈ మెట్ల మీదే నిలబడి చెప్పాను. ఒక్క బస్తా ఆగలేదు.

"సచ్చిపోయిండని కాదు," అన్నాను. "నా మొగడు పైసలు తిన్నడు."

నవ్వబోయినవాళ్లు ఆగిపోయారు.

"గీ సేటు తాన పైసలు తీసుకోని చెప్పిండు. బతికున్నప్పుడే తీసి పెట్టుకున్నరు, మా ఇంట్లనే కూసోని మాట్లాడుకున్నరు. నేను వద్దన్న. పెండ్లాం మాట వింటడా? కుళ్లు విత్తనమని తెలిసే చెప్పిండు."

"ఏం మాట్లాడుతున్నవమ్మా!" అని గంగాకిషన్ ముందుకు వచ్చాడు.

"ఇయ్యలేదా సేటూ? ఇయ్యలేదని చెప్పు. మరి ఊకెనే ఎందుకు చెప్పిండో గది గూడ చెప్పు."

గంగాకిషన్ నోరు తెరిచాడు. ఇవ్వలేదంటే ఆ మాటలు ఎందుకు చెప్పాడని అడుగుతారు. మా ఆయన చెప్పనే లేదంటే ఈ గొంతు ఎవరిదని అడుగుతారు. తెరిచిన నోరు అలాగే ఉంచి నన్ను చూశాడు. సేటు ముఖంలో మొదటిసారి మర్యాద లేదు.

"నేనప్పుడే అనుకున్న," అన్నాడు జనంలో ఒకాయన.

"గంత మంచోడు ఈ కాలంల ఎక్కడుంటడు తీయ్."

"ఫోన్లల్ల కనబడెటోల్లంత గంతేనే. మొదలు మంచిగ చెప్తరు, నమ్మినంక అమ్ముకుంటరు."

"పెండ్లామే చెప్తున్నది గద, ఇంకేం కావాలె?"

ఎన్ని రోజులు తిరిగి చెప్పినా నిజాన్ని నమ్మలేదు. ఈ అబద్ధం గుటుక్కున మింగారు. ఇద్దరు ట్రాలీ మీదికెక్కి, ఎక్కించిన బస్తాలను కిందికి తోస్తున్నారు. పైసలు వాపసు ఇమ్మని కొందరు గల్లా చుట్టూ మూగారు. ఒక పెద్దాయన, ఎప్పుడో మా ఇంటికి వచ్చి మా ఆయన పక్కన కూర్చుని బువ్వ తిన్నవాడే, తన ముందున్న బస్తా మీది ముఖాన్ని చూసి, కాండ్రించి ఉమ్మాడు. బొమ్మలోని తువ్వాల మీద పడింది. నేను పైటకొంగు చేతిలో పట్టుకున్నాను గానీ తుడవలేదు. తుడిస్తే నమ్మరు.

గంగాకిషన్ మనిషి ఒకడు పోయి సౌండు బాక్సు తీగ పీకేశాడు. బాక్సులో మా ఆయన ఒక మాట సగంలో ఆగిపోయాడు.

చౌరస్తాలో లారీల హారన్లు వినిపించాయి. నేను మెట్లు దిగి ఆటో దగ్గరికి వచ్చాను. వెంకవ్వ బస్తాను కిందికి దింపడానికి లాగుతోంది. కళ్లనిండా నీళ్లున్నాయి. చెయ్యి ఆపి నా భుజం పట్టుకుంది.

"అసొంటోనితోని ఇన్నేండ్లు ఎట్ల కాపురం జేసినవక్కా?" అంది.

హమాలీ దూరంగా ఉన్నాడు. నేను బస్తాకు రెండో పక్క పట్టాను.